రెండు మూతల పడవ

ఆదివారం పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే రిజర్వాయరు చేరుకుని, పడవలో నీళ్ళ నడుమనున్న దిబ్బ చుట్టి వచ్చి, ఒడ్డున బ్రెడ్డూ ఉడకబెట్టిన గుడ్లూ తిని, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. ఇదీ ఆ ఇంటాయన వేసిన ప్లాను. వినడానికి బాగానే ఉంది. ఆయన ప్లానులన్నీ వినడానికి బాగానే ఉంటాయి.

ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా. ఈత రాదు. పడవెక్కిన పాపాన పోలేదు. కానీ ఫోన్లో పడవల వీడియోలు చూసి చూసి, తెడ్డు ఎలా పట్టుకోవాలో భోజనాల దగ్గర గరిటెతో చూపించే స్థాయికి చేరాడు. ఆ ఊపులోనే గాలి నింపితే ఉబ్బే రబ్బరు పడవ ఒకటి కొనేశాడు. అది చూసి ఆయన అక్కమొగుడు, బళ్ళో డ్రిల్లు మాస్టారు, ఆయనకి "కెప్టెన్" అని పేరు పెట్టాడు. అది వెక్కిరింపని ఇంటిల్లిపాదికీ తెలుసు, కెప్టెన్‌కి తప్ప.

"బావమరిదీ, బక్కెట్లో కాలు పెట్టాలన్నా నీకు పక్కన మనిషుండాలి. నువ్వు పడవ నడుపుతావా?"

"చూస్తూ ఉండు బావా. దిబ్బ చుట్టి రాకపోతే నా పేరు మార్చుకుంటా."

"పేరెందుకులే. మన ఇంటివాళ్ళ గ్రూపులో 'మా బావ ముందు నేనెంత' అని రాయి, చాలు."

"చుట్టొస్తే నువ్వు రాయాలి మరి!"

"రాస్తా పో."

అక్కడితో ఆగితే బాగుండేది. కెప్టెన్ ఆగలేదు. "అది ఎంత భద్రమైన పడవో నీకు తెలియాలి కదా, మా పాపని కూడా ఎక్కించుకునే వెళ్తా" అన్నాడు.

వంటింట్లోంచి పాప తల్లి గరిటెతో సహా బయటికొచ్చింది. పాపకింకా మూడేళ్ళు నిండలేదు. స్నానానికి పెట్టిన టబ్బులో నీళ్ళు చీలమండ దాటితేనే గుండె దడదడలాడే మనిషి ఆవిడ. 

"ఏవండీ, పాప వద్దండీ. మీరు వెళ్ళిరండి."

"నీకన్నిటికీ భయమే! లైఫ్ జాకెట్ ఉందిగా."

"వాడు చూసుకుంటాడులే అమ్మాయ్" అంది అత్తగారు. వాడు చూసుకున్న కుళాయి ఆ క్షణాన కూడా వంటింట్లో బొట్లు బొట్లుగా కారుతూనే ఉంది.

అందుకని ఆ పొద్దున సామానంతా కారుకెక్కుతున్న సందట్లో, పడవకి గాలి కొట్టే కాలిపంపు తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్లో పడేసి మూత వేసింది పాప తల్లి. పంపు లేకపోతే గాలి లేదు, గాలి లేకపోతే పడవ లేదు, పడవ లేకపోతే తన బిడ్డ ఒడ్డునే ఉంటుంది. ఆవిడ ఆలోచన అక్కడిదాకానే వెళ్ళింది. డ్రిల్లు మాస్టారి భార్య ఆలోచన ఇంకాస్త ముందుకు వెళ్ళినట్టుంది. తలనొప్పని చెప్పి ఇంట్లోనే పడుకుంది.

రిజర్వాయరు చూస్తే కళ్ళు చాలవు. ఇటు గట్టున గొడుగులు, చాపలు, గాలాలు వేసుకు కూర్చున్న మనుషులు. అటు గట్టున ఆనకట్ట, దాని పక్కన ఆఫీసు, ప్రథమ చికిత్స గది. కెప్టెన్ పడవని ఒడ్డున పరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్ళవైపు ఓసారి గంభీరంగా చూసి, చెయ్యి చాచాడు.

"పంపు?"

ఎవరూ ఇవ్వలేదు. సంచులన్నీ దులిపారు.

"పంపేదే?"

"సామాను మీరే సర్దారు కదండీ" అంది పాప తల్లి, గుడ్డు పెంకు ఒలుస్తూ.

డ్రిల్లు మాస్టారు పొట్ట పట్టుకు నవ్వాడు. "నీళ్ళు తగలకుండానే మునిగిన ఓడ ఇదేరా బాబూ! ఫోన్ తియ్, రాసెయ్."

"పంపు చేతగానివాళ్ళకి! నేను నోటితో ఊదుతా" అని కెప్టెన్ బోర్లా పడుకుని ఊదడం మొదలుపెట్టాడు. ముఖం వంకాయ రంగుకి తిరిగింది. పడవ మాత్రం చలించలేదు.

డ్రిల్లు మాస్టారి ఉద్యోగమంతా మైదానంలో విజిల్ ఊదడమే. ఒకడు తన కళ్ళ ముందు అంత అధ్వాన్నంగా ఊదుతుంటే ఆయన తట్టుకోలేకపోయాడు.

"ఊదడమంటే అది కాదు. పొట్టలోంచి రావాలి. ఇలా చూడు" అని పడవ రెండో చివరనున్న మూత తీసి తనూ బోర్లా పడ్డాడు. సాయం చేస్తే పందెం తనే ఓడతాడన్న సంగతి ఆయనకి తట్టలేదు. 

ఆ పడవకి మూతలు రెండు. లోపల అర మాత్రం ఒక్కటే. ఈ సంగతి పడవ మీదే బొమ్మ వేసి చూపించారు. చూసే తీరిక ఎవరికుంది? ఇటు కెప్టెన్ ఊదిన గాలి, అటు మాస్టారు ఊపిరి పీల్చుకోవడానికి నోరు తీయగానే ఆయన ముఖానే తుస్సుమనేది. మాస్టారు ఊదింది కెప్టెన్ ముఖాన తుస్సుమనేది.

"పొద్దున వెల్లుల్లి తిన్నావా బావమరిదీ?"

"మూత మూసి మాట్లాడు బావా! నా గాలంతా పోతోంది!"

"నీ గాలా? ఉబ్బిందంతా నాది!"

ఉబ్బింది ఏమీ లేదు. చివరికి ఇద్దరికీ కళ్ళు బైర్లు కమ్మాయి. దేక్కుంటూ వెళ్ళి నెత్తిన ఇన్ని నీళ్ళు గుమ్మరించుకుని, పడవకి చెరోవైపు వెల్లకిలా పడిపోయారు, నోళ్ళు తెరుచుకుని.

పాప ఫ్రాకు మీద గుడ్డు పూసుకుంటే, మార్చడానికి తల్లి కారు దగ్గరికి తీసుకెళ్ళింది. సరిగ్గా అప్పుడే గొడుగు కింద కునుకు తీస్తున్న అత్తగారికి మెలకువ వచ్చింది. కళ్ళజోడు కారులో ఉంది. మసక మసగ్గా ఆవిడకి కనిపించింది ఒకటే. చప్పగా పడున్న పడవ, పక్కన తడిసి ముద్దయిన కొడుకూ అల్లుడూ.

"అయ్యో, పడవ మునిగిపోయిందిరోయ్! నా కొడుకు! అల్లుడుగారు!"

లైఫ్‌గార్డు పరుగెత్తుకొచ్చాడు. "పడవలో ఎంతమంది ఉన్నారమ్మా?"

"ముగ్గురు బాబూ! పసిపిల్ల కూడా ఉంది!" పాపని ఎక్కించుకుంటానని కొడుకు అన్నాడు కదా మరి.

అంతే. సైరన్ మోగింది. చాపలు వదిలేసి జనం నీళ్ళలోకి దూకారు. కార్లు బయటికి పోకుండా గేటుకి తాళం పడింది. లైఫ్‌గార్డు కెప్టెన్ ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతుంటే, "మునగలేదు..." అనబోయాడు కెప్టెన్. అంత ఊదాక మాటకి ఊపిరెక్కడిది?

పాప తల్లి పాపని చంకనేసుకుని తిరిగొచ్చేసరికి ఒడ్డంతా గగ్గోలు. "ఏమైందండీ?" అని ఎవరినో అడిగింది.

"పసిపిల్లమ్మా, మూడేళ్ళు కూడా లేవంట. తండ్రి పడవెక్కించాడంట."

"ఏం తండ్రండీ వాడు! ఆ తల్లి కడుపు ఎంత తరుక్కుపోతోందో!" అని పాప తల్లి బావురుమంది. చంకలో పాపని గట్టిగా హత్తుకుని, ఏడుస్తూ, జనంతో కలిసి తనూ తుంగలో వెతికింది. వెతికి వెతికి అత్తగారికి ఎదురుపడింది. అత్తగారు దగ్గరగా వచ్చి పాప ముఖం తడిమి చూసి, అక్కడే కూలబడింది.

"పాప దొరికింది!" అని ఎవరో అరిచారు. జనం చప్పట్లు కొట్టారు.

లైఫ్‌గార్డు చెయ్యెత్తాడు. "సైరన్ మోగాక పడవవాళ్ళందరూ అవతలి గట్టుకి వచ్చి డాక్టరుకి చూపించుకోవాల్సిందే. పాప ముందు. బోటెక్కండి."

"పాప మునగలేదండీ!"

"మునిగినవాళ్ళంతా ముందు అదే అంటారమ్మా."

"పోనీ, కార్లో తీసుకొస్తాం!"

"గేటుకి తాళం వేశాం."

"తియ్యండి మరి!"

"తాళంచెవి అవతలి గట్టున ఉంది."

మోటారు బోటు రిజర్వాయరంతా చీల్చుకుంటూ బయలుదేరింది. ఇటువైపు రాళ్ళున్నాయని దిబ్బ చుట్టూ తిప్పి మరీ తీసుకెళ్ళారు. పాప తల్లి కళ్ళు గట్టిగా మూసుకుని, పాప జాకెట్ పట్టీలు రెండు చేతులా పిడికిట్లో బిగించింది. పాప కేరింతలు కొట్టింది. కెప్టెనూ డ్రిల్లు మాస్టారూ చెరోవైపు అంచు మీదకి వంగి, తిన్న గుడ్లన్నీ నీళ్ళపాలు చేశారు. ఈసారి మాత్రం ఇద్దరూ సమానంగానే చేశారు.

డాక్టరు వాళ్ళిద్దరి ఊపిరితిత్తులూ పరీక్షించి, అక్కడ ఏ లోపమూ లేదన్నాడు. లోపం ఎక్కడుందో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. కారు ఇవతలి గట్టునే ఉంది కాబట్టి, పాప అదే బోటులో, అదే దిబ్బ చుట్టి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటివాళ్ళ గ్రూపులో అత్తగారి గొంతు మోగింది. "దిబ్బ చుట్టొచ్చింది నా మనవరాలర్రా! ఈ ఇద్దరూ ఊది ఊది పడిపోయారు."

మర్నాడు తడిబట్టలు వెయ్యబోయి అత్తగారు వాషింగ్ మెషీన్ మూత తీసింది. "ఒరేయ్, ఈ పంపు ఇందులో ఎవరు పెట్టార్రా?"

పాప తల్లి చప్పున పాపని ఎత్తుకుని గుమ్మం వైపు నడిచింది. కెప్టెన్ పేపరులోంచి తలెత్తి, పంపుకేసి ఓ క్షణం తేరిపార చూశాడు. డ్రిల్లు మాస్టారు ఇంకా ఊరెళ్ళలేదు, కుర్చీలోంచి బావమరిదినే చూస్తున్నాడు.

"నేనే పెట్టానమ్మా" అన్నాడు కెప్టెన్, తాపీగా. "దుమ్ము పట్టకుండా ఉంటుందని."

తనకి తెలియకుండా ఆ ఇంట్లో ఏదీ జరగదని ఆయనకి గట్టి నమ్మకం.