మా వీధిని యూనివర్సిటీ దత్తత తీసుకున్న వైనం

మీ ఊరిని ఏ యూనివర్సిటీ అయినా దత్తత తీసుకుందా? లేదా? అయ్యో పాపం! అయితే మీరింకా మురుగు కాలువను మురుగు కాలువ అనే పిలుస్తూ, దోమ కుడితే గోక్కుంటూ, అనాథల్లా బతుకుతున్నారన్నమాట!

మేమట్లా కాదు. ధర్మవరంలో మా మగ్గాల వీధిని 1983లో ఒక విశ్వవిద్యాలయం దత్తత తీసుకుంది. దాని పేరు చెప్పను. దిష్టి తగులుతుంది.

నా పేరు నిజాముద్దీన్. ఆ వీధి మొదట్లో టీ అంగడి నాది. పట్టణాభివృద్ధి గురించి ధర్మవరంలో ఎవరు ఏం మాట్లాడినా ముందు నా బెంచీ మీద కూర్చునే మాట్లాడతారు. కాబట్టి ఈ విషయంలో నన్ను మించిన నిపుణుడు లేడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

విశ్వవిద్యాలయానికీ పట్టణానికీ భాగస్వామ్యం ఉండాలని ఆ సంవత్సరం పెద్దలు తీర్మానించారట. ముందు హిందూపురంలో తాగునీటి మీద సెమినారు పెట్టారు. ఆ రోజు ఊళ్ళో కొళాయి రాలేదు. వక్తలు సోడాలు తాగుతూ నీటి ప్రాముఖ్యాన్ని వివరించారు. తర్వాత పట్టణ సౌకర్యాలు పరిశీలించడానికి పెనుకొండ పోయారు. కొండెక్కి, కోట చూసి, ఆయాసపడి, రాజుల కాలంలో పట్టణ సౌకర్యాలు భేషుగ్గా ఉండేవని తేల్చి దిగివచ్చారు. ఇప్పటి సౌకర్యాలు చూడటానికి పొద్దు చాలలేదు!

ఆ రెండు ఊళ్ళకూ దక్కని భాగ్యం మాకు దక్కింది. మా వీధిలోకి వ్యాను వచ్చింది. వ్యానులోంచి ఒక ప్రొఫెసరూ, ఆయన వెనక విద్యార్థులూ దిగారు.

మా మల్లప్ప గుంత మగ్గం నేస్తాడు. అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. వీధిలో అన్నీ అవే. మురుగు కాలువ పొంగితే నీళ్ళు నేరుగా ఆ గుంతల్లోకే దిగుతాయి. ఆ కాలువ పూడిక తీయించమని వీధి వీధంతా ఎప్పటినుంచో మున్సిపాలిటీని అడుగుతోంది. అడుగుతూనే ఉంది.

ఒక విద్యార్థి మల్లప్ప భార్య నాగరత్నమ్మ దగ్గరికి పోయి, "మురుగునీటి పారుదల వ్యవస్థ పట్ల మీ సంతృప్తి స్థాయి ఎంత?" అని అడిగాడు.

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు ఆదిలక్ష్మి అప్పుడు మా ఊళ్ళోనే బీయే ఆఖరి సంవత్సరం చదువుతోంది. ప్రొఫెసరుగారి బృందానికి ఇల్లిల్లూ చూపించి, వాళ్ళ తెలుగును మా తెలుగులోకి మార్చే ఉద్యోగం ఆ పిల్లదే.

"కాలువ బాగుండాదా అని అడుగుతాండాడు మా."

"బాగుంటే ఈళ్ళు ఈడికెందుకొస్తారు? కంపు భరించలేకుండా ఉండాము. ఆ పూడిక తీపిచ్చమను."

"అది ఇందులో లేదమ్మా," అన్నాడు విద్యార్థి. "పూర్తి సంతృప్తి, ఒక మోస్తరు సంతృప్తి, స్వల్ప సంతృప్తి. ఇవే ఉన్నాయి."

చూశారా చదువు గొప్పతనం! అసంతృప్తి అనే మాటనే తీసేశారు! దేశంలో ఇంతకన్నా చవకగా ప్రజలను సంతోషపెట్టే మార్గం ఇంకేముంది?

తర్వాత భాగస్వామ్యానికి గుర్తుగా వైస్ ఛాన్సలర్ గారి చేత శిలాఫలకం ఆవిష్కరింపజేయాలన్నారు. కారు దిగగానే కనిపించే చోటు కావాలి. అటువంటి చోటు మా వీధిలో ఒక్కటే ఉంది. మా కాలువ పోయి పెద్ద కాలువలో కలిసేచోటు. సరిగ్గా దాని నోటి మీద సిమెంటు దిమ్మె కట్టారు.

మల్లప్ప మగ్గం దిగి వచ్చాడు. "సామీ, ఈడ దిమ్మె కడితే నీళ్ళు యాడికి పోవాల?"

"మంచి ప్రశ్న," అన్నారు ప్రొఫెసరుగారు.

మా కౌన్సిలర్ ఓబుళప్ప మల్లప్ప రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. "ఏమప్పా, అంత పెద్దోళ్ళు వస్తాంటే మురికినీళ్ళ గురించేనా మాట్లాడేది?"

ఆవిష్కరణ దివ్యంగా జరిగింది. నల్లరాతి మీద బంగారు అక్షరాలు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత వాన పడింది.

మా సీమలో వాన పడితే పండగ. ఆ మధ్యాహ్నం మాత్రం కాలువలో నీళ్ళు దిమ్మెకు కొట్టుకుని వెనక్కి తిరిగి ఇళ్ళలోకి నడిచాయి. మల్లప్ప మగ్గం మీద కదిరి వాళ్ళ పెళ్ళికూతురి చీర సగం నేసి ఉంది. మగ్గాన్ని ఎత్తుకుని పరిగెత్తలేం కదా! ఆదిలక్ష్మీ, నేనూ మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు పోగులను చేతులతో పైకెత్తి పట్టుకున్నాం. నాగరత్నమ్మ బిందెతో నీళ్ళు తోడుతూనే ఉంది. ఆమె తోడేదానికన్నా వచ్చేది ఎక్కువైంది. చేతులు నొప్పి పుట్టి మేము వదిలేసరికి పట్టూ జరీ మురికిలో మునిగిపోయాయి.

వాన వెలిశాక టీ పట్టుకుని పోయాను. మల్లప్ప గడపలో కూర్చుని ఉన్నాడు. గ్లాసు అందుకోలేదు.

"కదిరోళ్ళకు ఏం చెప్పేది నిజామన్నా? ఆ పాప ఈ చీరే కట్టుకోవాలని రంగు గూడా తానే చెప్పిపోయింది."

గ్లాసు గడప మీద పెట్టాను. ఏం చెప్తాను? నేను వట్టి టీ అంగడివాణ్ణి. ప్రొఫెసరును కాను.

మర్నాడు వీధంతా మున్సిపాలిటీకి పోయింది. ఆ రాయి యూనివర్సిటీది, మేం ముట్టరాదు అన్నారు. యూనివర్సిటీ వాళ్ళను అడిగితే, ఆ కాలువ మున్సిపాలిటీది, మేం ముట్టరాదు అన్నారు. మనమే పీకేద్దామంటే, పీకినవాడి మీద కేసు పెట్టడానికి మాత్రం ఇద్దరూ సిద్ధమన్నారు. భాగస్వామ్యం అంటే ఏమిటో నాకప్పుడు అర్థమైంది. ఎంత చక్కటి సమన్వయం!

మరుసటి ఏడు ఆదిలక్ష్మి అదే యూనివర్సిటీలో ఎం.ఏ. సోషియాలజీలో సీటు తెచ్చుకుంది. తండ్రి వెంట పోయి చేరింది కూడా. హాస్టల్లో మాత్రం చోటు లేదన్నారు. వార్డెన్ గారు చెప్పిన కారణం బంగారు అక్షరాలతో చెక్కించదగ్గది.

"మీది దత్తత ప్రాంతం. యూనివర్సిటీ సేవలు మీ ఇంటి దగ్గరికే వస్తున్నాయి. ఇంక మీకు హాస్టల్ ఎందుకమ్మా?"

తండ్రీకూతుళ్ళు తిరిగొచ్చి నా అంగట్లో కూర్చున్నారు. "ఇంగ చాల్లే నాయనా, మగ్గం నేర్చుకుంటా," అంటోంది ఆ పిల్ల. లోపల గ్లాసులు కడుగుతున్న నా భార్య రోషన్‌బీ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏందీ, చదువు మానుకుంటావా? మా చెల్లెలు హసీనా ఆ యూనివర్సిటీ ఊర్లోనే కదా ఉండేది! ఇల్లు చిన్నదే. అయితే ఏం? అది కుట్టు మిషను పక్కకు జరిపితే నువ్వు పండుకునేంత చోటుంటాది. పద పాపా, నేనే వదిలిపెట్టొస్తా."

మల్లప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అట్లా ఆదిలక్ష్మి హసీనాబీ ఇంట్లో, కుట్టు మిషను చప్పుడులో చదువుకుంది. రెండో ఏట విద్యార్థులంతా ఏదైనా పట్టణానికి పోయి సర్వే చేసి రావాలి. ఎక్కడికి? ఇంకెక్కడికి, దత్తత వీధికే!

మళ్ళీ వ్యాను వచ్చింది. ఈసారి అందులోంచి ఆదిలక్ష్మి దిగింది, వెనక ఆమె క్లాసు పిల్లలు. మల్లప్ప కుర్చీ తెచ్చి వేసి, నవ్వుతూ ఎదురుగా నిలబడ్డాడు.

"అడుగమ్మా, ఏం అడుగుతావో. ఎంత సంతృప్తిగా ఉండామో చెప్తాం."

"నేనేం అడగను నాయనా. గడ్డపార యాడుండాది?"

వాళ్ళు దిమ్మెను పగలగొడుతుంటే వీధంతా తలుపుల్లోకి వచ్చింది. కాసేపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే పారలు పట్టుకుని దిగారు. కబురందుకున్న ఓబుళప్ప రొప్పుకుంటూ వచ్చాడు.

"ఏం పాపా! ఆ రాయి ఎవరిదనుకున్నావు? యూనివర్సిటీది!"

ఆదిలక్ష్మి నుదుటి మీది చెమట తుడుచుకుంది. "మేమెవరనుకున్నావు మామా? యూనివర్సిటీనే!"

ఓబుళప్ప ఆ మాట గురించి కొంతసేపు ఆలోచించాడు. ఇప్పటికీ ఆలోచిస్తున్నాడనుకుంటాను.

సాయంత్రానికి పూడికంతా గట్టు మీదికి వచ్చింది. కాలువ పారింది. ఆ ఏటి వానకు మల్లప్ప మగ్గం మీద నుంచి లేవనే లేదు. నేస్తూనే ఉన్నాడు.

ఇంత ఘోరం జరిగితే యూనివర్సిటీ ఊరుకుంటుందా? సర్వే కాగితాలు ఖాళీగా ఉన్నాయని ఆదిలక్ష్మికి ఆ పేపర్లో మార్కులు వేయలేదు. న్యాయమే! కాలువ తవ్వమని సిలబస్‌లో ఎక్కడుంది? మా వీధి దత్తతను కూడా రద్దు చేశారు. సమస్య లేని వీధితో భాగస్వామ్యం ఎవరికి కావాలి? ఆ పిల్ల మరో ఆరు నెలలు హసీనాబీ ఇంట్లోనే ఉండి, ఎవరికీ ఏ మేలూ చేయకుండా ఆ పేపరు రాసి, ఫస్టు క్లాసులో పాసయింది.

ఇప్పుడు గోరంట్లను దత్తత తీసుకుంటున్నారని విన్నాను. గోరంట్ల సోదరులారా, అభినందనలు! వ్యాను వస్తే దండలేయండి, అడిగినంత సంతృప్తి చెందండి. అయితే ఆ వ్యాను వచ్చేలోగా మీ పిల్లలను ఒకరిద్దరిని ఆ యూనివర్సిటీలోకి తోసి పెట్టుకోండి.

హాస్టల్ ఇవ్వరు. భయపడకండి. హసీనాబీ ఇంట్లో చోటుంది.