పిన్ని గోడలో వజ్రాలు

మా ఊరి కొండలో వజ్రాలు పడ్డాయని ప్రభుత్వం వారు ప్రకటించిన రోజున అవి ఎవరికీ కనబడలేదు. ఇందులో వజ్రాల తప్పేమీ లేదు. అవి అంత చిన్నవి. ఒక తలవెంట్రుక మందంలో నాలుగైదు వజ్రాలు సర్దుకుని కూర్చోగలవని గనుల శాఖ డైరెక్టరుగారు సభలో సెలవిస్తే, జనం తమ తలలు తడిమి చూసుకుని చప్పట్లు కొట్టారు.

"వేరే చోట్ల టన్నులకొద్దీ రాయి పగలగొడితే ఒక్క వజ్రం దొరుకుతుంది. అదీ ఒక గనేనా? మన దగ్గర గుప్పెడు రాతిలో వేలకు వేలు! పరిమాణం చూసేవాడు వ్యాపారి. సంఖ్య చూసేవాడు దేశభక్తుడు!" అని డైరెక్టరుగారు బల్ల గుద్దారు. బల్ల మీది దుమ్ము లేచింది. ముందు వరుసలో వాళ్ళు దాన్ని కళ్ళకద్దుకున్నారు.

నాది కళ్ళద్దాల దుకాణం. సభ అయిన వారంలోపే నా దగ్గర భూతద్దాలన్నీ అయిపోయి, మళ్ళీ తెప్పించవలసి వచ్చింది. కనుక ఈ విషయంలో నా అభిప్రాయం బొత్తిగా నిష్పాక్షికమైనదని పాఠకులు నమ్మవచ్చు.

కొండ మొదట్లో శాఖవారు ఒక బోర్డు పెట్టి, దాని చరిత్ర రాయించారు. ఈ కొండ ఒకప్పుడు సముద్రం అడుగున ఉండే మామూలు బురదట. అందులో చచ్చిన నాచు కలిసి ఉండేదట. భూమి పలకల తోపులాటలో ఆ బురద నూరు కిలోమీటర్లకు పైగా లోతుకు కూరుకుపోయింది. అక్కడి ఒత్తిడికీ వేడికీ బురద కాస్తా చారల రాయి అయింది. దాంట్లో ఎర్రటి గార్నెట్ గింజలూ, వాటికంటే చిన్న జిర్కాన్ గింజలూ పుట్టుకొచ్చాయి. నాచులోని కర్బనం వజ్రమై ఆ గింజల కడుపులో దాక్కుంది. తర్వాత రాయంతా పైకి లేచింది. అయితే పైకి వచ్చేటప్పుడు చకచకా రావాలి. దారిలో తాత్సారం చేస్తే ఒత్తిడి తగ్గి, వజ్రం నీరసపడి, పెన్సిల్లో ఉండే నల్లటి గ్రాఫైటుగా మారిపోతుంది. కింది నుంచి పైకి వెళుతూ దారిలో విలువ పోగొట్టుకోవడం మా ఊరివాళ్ళకు వింతగా తోచలేదు. శాఖలో మా అర్జీలన్నీ అలాగే వెళతాయి.

ఇలాంటి కొండలు ప్రపంచంలో కొన్నిచోట్ల ఉన్నాయి. మాదీ ఆ జాతి రాయే. ఆ జాతి రాతిలో వజ్రాలు ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేకపోవచ్చు. ఇంత చిన్న అనుమానం ఉంచడం ఎందుకని శాఖవారే దాన్ని బోర్డు మీదినుంచి తీసేయించారు.

ఇక ఊరి అభివృద్ధి చెప్పనలవి కాదు. ఇళ్ళు ఊడవడం నేరమైంది. చీపుర్లన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాము. వీధులు ఊడ్చే మనిషికి ధూళి సంరక్షణాధికారి అని పదోన్నతి ఇచ్చి, కుర్చీ వేశారు. ఆయన ఆ కుర్చీని కూడా తుడవకుండా ఆదర్శంగా నిలిచాడు. తుమ్మదలచినవారు రుమాలులోనే తుమ్మి, సదరు రుమాలును శాఖ కౌంటరులో చూపించాలన్నారు. బళ్ళో డ్రాయింగు మాస్టారు, పెన్సిల్ అంటే తాత్సారం చేసిన వజ్రమని చెప్పి, దాన్ని చెక్కే ముందు పిల్లలందర్నీ లేచి నిలబడమన్నారు. మా ఊరి నగల వ్యాపారి ఖాళీ ఉంగరాలు అమ్మాడు. "రాయి ఉందండీ. చూపు బాగున్నవాళ్ళకి కనబడుతుంది" అనేవాడు. కొన్నవాళ్ళు అక్కడ "ఆహా" అని, తిన్నగా నా దుకాణానికి వచ్చేవారు. ఆయన ఊరి పౌరసంఘానికి అధ్యక్షుడు కూడా. పెద్దమనిషి.

ఇప్పుడు మా పిన్ని గురించి చెప్పాలి. మా అమ్మకు చెల్లెలు. ఇంట్లోనే పిండిమర నడుపుతుంది. బాబాయి తాపీమేస్త్రి. పోయి కొన్నేళ్ళయింది. మా వీధిలో సగం ఇళ్ళు ఆయన చేతిమీదుగా లేచినవే. తన ఇల్లు మాత్రం పనిలేని రోజుల్లో, కొండరాయి ఒక్కొక్కటే మోసుకొచ్చి కట్టుకున్నాడు. రాళ్ళ నిండా ఎర్రటి గార్నెట్ గింజలు. సాయంత్రం ఎండ పడితే గోడంతా ఎర్రగా వెలిగేది. ఆ వేళకు పిన్ని మర ఆపి, పిండి చేతులతోనే గడప మీద కూర్చుని ఆ గోడను చూసుకునేది. నాకు పిన్ని అంటే ప్రాణం. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. తర్వాత చెబితే మీరు నమ్మకపోవచ్చు.

కొండకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది పిన్ని ఇల్లే. శాఖవారు వచ్చి గోడలోంచి ఒక పెచ్చు కొట్టి పట్టుకుపోయారు. దాన్ని పలచగా కోసి, గాజుపలక మీద అతికించి, వెలుతురు అవతలికి పోయేంతవరకు అరగదీసి, మెరుగు పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూశారు. తళతళమని వజ్రాలు!

వెంటనే ఒక అధికారి వచ్చి, ఇది ఇకమీదట ఇల్లు కాదనీ, నిలువు నిక్షేపమనీ ప్రకటించాడు. గోడకు మేకు కొట్టరాదు. మర తిప్పితే గోడలు అదురుతాయి కనుక తిప్పరాదు. వీలైనంత త్వరలో ఖాళీ చేయాలి.

"వజ్రాలుంటే ఉండనివ్వండి బాబూ. నేనేమన్నా కొరుక్కు తింటానా? వాటి మానాన అవి ఉంటాయి, నా మానాన నేనుంటాను" అంది పిన్ని.

"జాతిసంపదలో కాపురం ఉండకూడదమ్మా" అన్నాడాయన మర్యాదగా.

ఆయన వెళ్ళాక పిన్ని నన్ను పిలిపించింది. "ఒరేయ్, నీ దగ్గర అద్దాలున్నాయిగా. ఒక్కసారి సరిగ్గా చూసి చెప్పరా. మీ బాబాయి నిజంగానే గోడలో వజ్రాలు పెట్టాడా? నాతో ఒక్కమాట అనలేదే!" అంది. నేను పెద్ద భూతద్దం పెట్టి గోడంతా చూశాను. గార్నెట్లు కనబడ్డాయి. ఒకచోట సున్నంలో బాబాయి బొటనవేలి ముద్ర కనబడింది. అది చెబితే పిన్ని వచ్చి, ఆ ముద్రలో తన బొటనవేలు ఆనించి చూసుకుంది.

పిన్ని మేడగదిలో ఒక అమ్మాయి అద్దెకుండేది. గనుల శాఖలో కొత్తగా చేరింది. ఎప్పుడూ సంచినిండా రాళ్ళతో తిరుగుతుందని వీధంతా రాళ్ళమ్మాయి అనేవాళ్ళు. పిన్ని గోడ పలకను ఆమె మళ్ళీ తీసి చూసింది. ఆమెకు ఒక విషయం నచ్చలేదు. అసలు వజ్రమైతే గార్నెట్ కడుపులోనో, జిర్కాన్ కడుపులోనో భద్రంగా ఉండాలి. ఇవి పగుళ్ళలో ఇరుక్కుని ఉన్నాయి. అతికించిన జిగురులో ఉన్నాయి. రాయి అయిపోయాక మిగిలిన ఉత్త గాజు మీద కూడా ఉన్నాయి.

అప్పుడామె తమ శాఖ కార్యాలయంలో అంతవరకు ఎవరూ చేయని సాహసం చేసింది. మెట్లు దిగి కింది అంతస్తుకు వెళ్ళింది.

ఇక్కడ శాఖవారి పని పద్ధతి కొంచెం చెప్పాలి. రాయి అరగదీసి మెరుగు పెట్టేవారు కింది అంతస్తులో సామాన్ల విభాగం. సూక్ష్మదర్శినిలో చూసేవారు పై అంతస్తులో శాస్త్ర విభాగం. పైవారు కిందికి దిగడం హోదాకు తక్కువ. కిందివారు పైకి ఎక్కడం నిబంధనలకు విరుద్ధం. రాయి ఒక్కటే ట్రేలో కూర్చుని పైకీ కిందికీ తిరుగుతుంది. కింద రాతికి మెరుగు పెట్టేది వజ్రపు పొడి కలిపిన పేస్టుతో. ఆ సంగతి గొట్టం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంది. కిందివారికి పైన ఏం వెతుకుతున్నారో తెలియదు. పైవారికి కింద ఏం పూస్తున్నారో తెలియదు. మా ఊరి వజ్రాలు ఈ రెండు అంతస్తుల నడుమ దొరికాయి.

రాళ్ళమ్మాయి పిన్ని చేతులు పట్టుకుని, "ఇంక మీ ఇంటికి భయం లేదు పిన్నిగారూ" అంది. పిన్నికి సగమే అర్థమైంది. ఆ సగానికే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పిన్ని ఇంటి విషయమై శాఖవారు పెట్టిన బహిరంగ విచారణ నాడు ఊరంతా హాల్లో ఉంది. రాళ్ళమ్మాయి మూడు పలకలు తెచ్చింది. ఒకటి కార్యాలయం ప్రహరీ ఇటుకది. ఒకటి కార్యాలయం మెట్టుది. మూడోది డైరెక్టరుగారి పగిలిన టీ కప్పుది. మూడింటికీ కింది అంతస్తులోనే మెరుగు పెట్టించింది. తెర మీద బొమ్మ వేసింది. మూడింట్లోనూ వజ్రాలు తళతళమన్నాయి.

"కాబట్టి వజ్రాలు రాతిలో లేవు. మనం పూసే పేస్టులో ఉన్నాయి" అంది ఆమె.

పిన్ని నా చెయ్యి గిల్లి, "గెలిచామట్రా?" అంది. డైరెక్టరుగారు మెల్లగా లేచారు. రెండు చేతులూ జోడించారు.

"సోదర సోదరీమణులారా! ఇటుకలోనూ వజ్రాలే! మనందరం తొక్కే మెట్టులోనూ వజ్రాలే! నేను రోజూ పెదవులకు తాకించిన కప్పులోనూ... నాకు తెలియదు సోదరులారా, నాకు తెలియదు!"

చప్పట్లకు పైకప్పు అదిరింది. పౌరసంఘం అధ్యక్షుడు ఏడ్చేశాడు. ఇంత గొప్ప పరిశోధన చేసినందుకు రాళ్ళమ్మాయికి అక్కడికక్కడే పతకం వేశారు. ఆమె ఏదో చెప్పబోతుంటే బ్యాండు మొదలైంది.

మర్నాటి నుంచి ప్రతి ఇంటి గోడలోంచీ పెచ్చులు తీశారు. ప్రతి పెచ్చులోనూ వజ్రాలు బయటపడ్డాయి. నగల వ్యాపారి మూడంతస్తుల మేడ నిలువు నిక్షేపమైంది. డైరెక్టరుగారి సొంతిల్లు నిక్షేపమైంది. నా ఇల్లూ అయింది. ఖాళీ చేయమన్నారు. అప్పుడు మా ఊరికి విజ్ఞానం మీద ఒక్కసారిగా నమ్మకం కుదిరింది.

"పాపం ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం కదండీ! అంతా పేస్టు మహిమ" అని అధ్యక్షుడు ఊరంతా తిరిగి చెప్పాడు. డైరెక్టరుగారు కూడా తాను మొదటినుంచీ అదే అంటున్నానన్నారు. మెరుగు పెట్టడానికి వజ్రం కలవని తెల్లపొడి తెప్పించి, కోరినవారి గోడలకు మళ్ళీ పరీక్ష పెట్టారు. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. ‘వజ్రరహిత గృహం’ అని ముద్రవేసి ధ్రువపత్రాలు పంచారు. ఇల్లు ఎందుకూ పనికిరాదని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం కోసం మనుషులు ఒకరినొకరు తోసుకోవడం ఆ రోజే చూశాను. తోసుకుంటూనే చూశాను.

పిన్ని కూడా వరుసలో నిలబడింది. ఆమె గోడకు ఇదివరకే పరీక్ష అయిందనీ, ఒకే గోడకు రెండు నిజాలు ఉండరాదనీ చెప్పి పంపేశారు. అసలు చిక్కు వేరే ఉంది. ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ వజ్రాలు లేవంటే ప్రభుత్వ ప్రకటన ఏం కావాలి? కుర్చీలో ఉన్న ధూళి సంరక్షణాధికారి ఏం కావాలి? ఎక్కడో ఒకచోట వజ్రాలు ఉండక తప్పదు.

అధ్యక్షుడు వీధివాళ్ళందరినీ వెంటబెట్టుకుని పిన్ని గడపకు వచ్చాడు. "అక్కా, ఊరి పరువు నీ చేతిలో ఉంది" అన్నాడు.

"నా చేతిలో ఉన్నది పిండి నాయనా" అంది పిన్ని. అని, అతని భుజాల మీదుగా వెనక ఎవరెవరు వచ్చారో ఒక్కొక్కరినే చూసింది. నేను కొంచెం వెనకగా నిలబడ్డాను. నా ముందున్నాయన పొడుగు.

రాళ్ళమ్మాయి ఒక్కర్తే కార్యాలయం మెట్ల మీద కూర్చుని పోట్లాడింది. ఆమెను పతకంతో సహా ఉప్పు శాఖకు బదిలీ చేశారు. ఆమె వెళ్ళిన వారానికి పిన్ని ఇల్లు పడగొట్టారు. రాళ్ళన్నీ పొడి చేసి, ఆమ్లాల్లో నానబెట్టి, కడిగి, వడగట్టారు. అడుగున కాస్త నల్లపొడి మిగిలింది. గ్రాఫైటు. ఇంటి యజమానురాలు ఖాళీ చేయడంలో తాత్సారం చేసినందువల్ల వజ్రాలు గ్రాఫైటుగా మారిపోయాయని డైరెక్టరుగారు నివేదికలో విచారం వెలిబుచ్చారు. వయసును బట్టి ఆమె మీద చర్య తీసుకోలేదు. ఈ ఉదారతను పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

పిన్ని ఇప్పుడు మా ఇంట్లో వీధివైపు గదిలో ఉంటోంది. వచ్చిన సాయంత్రం బాబాయి ఫొటో గుండెకు ఆనించుకుని నిలబడి, "ఇక్కడ మేకు కొట్టుకోవచ్చట్రా?" అని అడిగింది. అలా భయపడుతూ అడగడం ఆమెకు అదివరకు అలవాటు లేదు.

"కొట్టుకో పిన్నీ. మా గోడలో ఏమీ లేదని రాసిచ్చారుగా" అని, అద్దం కట్టించి తగిలించిన ధ్రువపత్రం చూపించాను.

కిటికీలోంచి ఎండ పడి ధ్రువపత్రం చుట్టూ గోడంతా ఎర్రగా వెలుగుతోంది. పిన్ని ఫొటో మంచం మీద పెట్టి, గోడ మీద అరచెయ్యి ఆనించింది. "ఇదీ మీ బాబాయి కట్టిందే కదరా. ఒకే బండ కొట్టుకొచ్చాడు. సగం మా ఇంటికి, సగం మీ ఇంటికి" అంది.

నేను గబగబా వెళ్ళి కిటికీ మూశాను. సుత్తీ మేకూ తెచ్చి ఆమె చేతికిచ్చాను. పాఠకులు పెద్దమనసు చేసుకుని, పిన్ని అన్న ఆ మాట వినబడనట్టే ఉండాలని మనవి. అలా ఉండటం మీకు కొత్తేమీ కాదని నాకు తెలుసు.