షష్టిపూర్తి రీలు కడిగిన ఆదివారం

ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా ఇల్లు ఖాళీగా ఉంటే చాలు, తన పరువు దక్కుతుందని భరద్వాజ్ నమ్మకం. భార్య కావేరి, అత్తగారు జానకమ్మ సరోజినీ నగర్ బజారుకి బయల్దేరుతున్నారు. ఏలూరులోని బంధువర్గం మొత్తానికీ ఢిల్లీ నుంచి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి కాబట్టి వాళ్ళు ఇప్పట్లో తిరిగి రారు. ఇక మిగిలింది మామగారు సదాశివరావు ఒక్కరే.

"మామయ్యగారూ, మీరూ వెళ్ళిరాకూడదా? ఇంట్లో ఒక్కరే కూర్చుంటే ఏం తోస్తుంది?"

"మోకాళ్ళు సహకరించట్లేదు అల్లుడూ. నువ్వెళ్ళు. ఆ సంచులన్నీ వాళ్ళేం మోస్తారు?"

"నాకు ఆఫీసు కాల్ ఉందండీ."

"ఆదివారమా?"

"అమెరికాలో ఇంకా శనివారమేనండీ."

శనివారం మాత్రం ఎవడు పనిచేస్తాడని మామగారు అడగలేదు. అల్లుడు ఎక్కడో ఒకచోట తలుపేసుకుంటే అదే పదివేలన్నట్టు తన గదిలోకి వెళ్ళిపోయారు. భరద్వాజ్‌కి అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఎవరి దొంగతనం వాళ్ళకి ముఖ్యం.

రెండు వారాల కిందట ఆ మామగారి షష్టిపూర్తి ఢిల్లీ పక్కన నోయిడాలోనే, వీళ్ళ అపార్టుమెంటు సొసైటీ క్లబ్‌హౌస్‌లో జరిగింది. అప్పటికే భరద్వాజ్‌కి ఫిల్ము కెమెరా పిచ్చి ముదిరి ఉంది. అదీ మామూలు ఫిల్ము కాదు, సినిమాలు తీసే కలర్ ఫిల్ము. పెద్ద చుట్టలోంచి కత్తిరించి మామూలు కెమెరాలో పట్టేలా చిన్న డబ్బాల్లో చుట్టి అమ్ముతారు. ఆ మోజులో అతను పురోహితుడి మైకు లాక్కుని, "దయచేసి ఎవరూ ఫోన్లు బయటికి తియ్యొద్దు. ఫొటోలన్నీ నేను సినిమా ఫిల్ము మీద తీస్తున్నాను" అని ప్రకటించాడు. అంతటితో ఆగకుండా ఫోన్లన్నీ ఒక పూలబుట్టలో వేయించాడు. మామగారికి అరవై నిండినందుకు మిగిలిన ఆనవాలు ఆ ఒక్క రీలే.

తీరా చూస్తే మామూలు ల్యాబులవాళ్ళు ఆ రీలుని ముట్టుకోం పొమ్మన్నారు. సినిమా ఫిల్ము వెనక నల్లటి మసిపూత ఉంటుందట. అది ఊడి తమ యంత్రాల్లో పడితే మిగతావాళ్ళ ఫిల్ములన్నీ పాడైపోతాయట. సినిమావాళ్ళ ల్యాబేమో రెండు నెలలు ఆగమంది. అత్తమామల రైలు చూస్తే రేపు. "ఇంట్లోనే కడుగుతానంటావేమో. నీ ప్రయోగాలు మా నాన్న ఫొటోల మీద చేశావంటే ఊరుకోను" అని కావేరి ముందే హెచ్చరించింది. దాంతో రీలు ల్యాబుకిచ్చేశానని చెప్పి, కడిగే మందులు ఆన్‌లైన్లో తెప్పించి బీరువా వెనక దాచాడు.

హాలు పక్కనున్న బాత్రూములోకి దూరి, వెలుగు రాకుండా తలుపు కింది సందులో కావేరి కొత్త తెల్ల టవలు కుక్కాడు. లైటు ఆర్పి, చీకట్లో తడుముకుంటూ ఫిల్ముని చక్రానికి చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాడు. మందులు పోసినా వెలుతురు సోకని డబ్బా అది. మళ్ళీ లైటు వేసుకుని, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళు అందులో పోసి, గట్టిగా కుదిపి, వంచాడు.

మసి వదులుతుందని వీడియోల్లో చూశాడు గాని, తెల్లటి టైల్సు మీద చూడలేదు. నేలంతా పెనం కడిగిన నీళ్ళలా నల్లబడిపోయింది. కంగారులో టవలుతో తుడిచాడు. టవలు నల్లబడింది గాని నేల తెల్లబడలేదు. బకెట్టు మీద బకెట్టు కుమ్మరించాడు. నీళ్ళు దిగక చీలమండల దాకా నిలిచాయి. తూము మీది జాలీ తీసి చీపురుకర్ర పెట్టి బలంగా పొడిచాడు. లోపల ఏదో ఊడిన చప్పుడైంది. నీళ్ళన్నీ ఒక్క గుటకలో మాయమయ్యాయి. భరద్వాజ్ ప్రాణం కుదుటపడింది. అవి ఎక్కడికి మాయమయ్యాయన్న ఆలోచనే అతనికి రాలేదు.

తర్వాత అసలు మందు డబ్బాలో పోశాడు. ఇది పోశాక అర నిమిషానికోసారి డబ్బాని ఊపుతూ ఉండాలి, లేకపోతే ఫొటోల మీద మరకలు పడతాయి. ఊపుతుండగా కాలింగ్ బెల్లు మోగింది. మోగి ఆగలేదు. గత్యంతరం లేక డబ్బాతోనే వెళ్ళి తలుపు తీశాడు.

ఎదురుగా కింది ఫ్లాటు త్యాగిగారు, సొసైటీ సెక్రటరీ. నడుముకి తుండు, ఒంటినిండా సబ్బునురగ. ఒక్క వెంట్రుకైనా లేని నున్నటి తల మీద నుంచి నల్లటి చారలు చెవుల దాకా దిగి ఉన్నాయి.

"యే క్యా హై భరద్వాజ్ జీ? ఊపర్ సే కాలా పానీ!" అని అరిచి, మిగతాదంతా హిందీలోనే కడిగేశారు. "స్నానం చేస్తుంటే పైనుంచి నల్లనీళ్ళు నెత్తిన పడ్డాయి! ఇది తలకేసుకునే రంగు. నాకు తెలియదనుకోకండి. వేసీ వేసీ నేనిలా అయ్యాను. ఎవరు వేసుకుంటున్నారు మీ ఇంట్లో?"

"మా ఇంట్లో అలాంటివేం లేవు సర్" అంటూ భరద్వాజ్ వీపు వెనక డబ్బా ఊపాడు.

"ఏమిటది ఊపుతున్నారు?"

"ప్రొటీన్ షేక్ సర్."

అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. ఆదివారం రద్దీలో ఊపిరాడక బజారు నుంచి తొందరగా తిరిగొచ్చేసిన కావేరి, జానకమ్మ సంచులతో దిగారు. త్యాగిగారు ఆరోపణంతా మళ్ళీ మొదటినుంచీ వినిపించారు. కావేరి తర్జుమా చేసేసరికి జానకమ్మ సంచులు కింద పడేసింది.

"రంగా! మా ఇంట్లోనా! మా ఆయనకి అరవై నిండినా ఒక్క తెల్లవెంట్రుక లేదు. అంతా నా మందార నూనె చలవ. మా వాళ్ళందరూ నా దగ్గరే పట్టుకెళ్తారు. ఆయనకి హిందీలో చెప్పవే కావేరీ!"

ఇక్కడ భరద్వాజ్ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబుదామని నోరు తెరిచాడు కూడా. కావేరి ముఖం చూసి మూసేసుకుని, డబ్బా ఊపాడు.

అంతలో రెండో బాత్రూము తలుపు తెరుచుకుంది. సదాశివరావు తలకి తుండు చుట్టుకుని నెమ్మదిగా నడిచొచ్చి, త్యాగిగారికి చేతులు జోడించారు.

"భాయ్‌సాబ్, మాఫ్ కీజియే. వో మేరా హై."

ఆ రంగు తనదేనని ఒప్పుకుని తుండు విప్పారు. చెంపల మీద రంగు ఇంకా తడిగా ఉంది. ఆయన భార్య వైపు తిరిగి, "ఏమనుకోకు జానకీ. చాలా ఏళ్ళుగా వేస్తున్నాను. నీ నూనె మీద నీకున్న నమ్మకం చూసి చెప్పడానికి నోరు రాలేదు" అన్నారు.

ఆ చారల తల చూసేసరికి త్యాగిగారి కోపం దిగిపోయింది. "కోయీ బాత్ నహీ, అంకుల్ జీ. ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుంది. నేనెవరికీ చెప్పను" అని ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు.

భరద్వాజ్‌కి ముందు కలిగింది సిగ్గు కాదు, హాయి. బతికిపోయానురా దేవుడా అనుకుంటూ బాత్రూములోకి దూరి మిగతా మందులు పోశాడు. తలుపు అవతల నుంచి జానకమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "మా అక్కకి పంపాను. వదినకి పంపాను. అందరికీ మీ జుట్టే కదండీ చూపించాను! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఏలూరులో దిగను?" మామగారు "తప్పు నాదే" అంటున్నారు. ఆ మాటకే సిగ్గు ముంచుకొచ్చింది. ఎదుటి అద్దంలో తన ముఖం చూసుకోలేక గోడ వైపు తిరిగి నిలబడి ఫిల్ము కడిగాడు.

మూత తీశాడు. ఫొటోలు వచ్చాయి. దండలు, అక్షింతలు, మామగారి నవ్వు, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి, తడి ఫిల్ము ఒక చేత్తో, నల్లబడ్డ టవలు ఇంకో చేత్తో పట్టుకుని తలొంచుకుని హాల్లోకి వచ్చాడు.

"మామయ్యగారూ, ఆ నల్లనీళ్ళు మీవి కాదు, నావి. ఈ ఫిల్ము మసి. రీలు ల్యాబుకి ఇవ్వలేదు. కావేరీ, నీకు అబద్ధం చెప్పాను."

కావేరి టవలు వైపు చూసింది. రెండు వేళ్ళతో అందుకుని చెత్తబుట్టలో పడేసింది. దానికన్నా తిట్టినా బాగుండునని భరద్వాజ్‌కి అనిపించింది.

"అంటే, నా రంగు కాదా?" అన్నారు సదాశివరావు.

"కాదండీ."

"అయితే నేను చెప్పక్కర్లేదా?"

"లేదండీ."

"ఈ ముక్క అప్పుడే చెప్పడానికి నీకేమొచ్చింది?"

"డబ్బా ఊపుతున్నానండీ."

జానకమ్మ లేచి, ఫిల్ము లాక్కుని కిటికీ దగ్గర వెలుగుకి పెట్టి చూసింది. నెగటివ్ కదా, నలుపంతా తెల్లగా పడి, మామగారి తల పండి మెరుస్తోంది. "చూశావుటే కావేరీ, దీనికి తెలిసిన నిజం నాకు తెలియలేదు!" అంది. అందులో అందరి జుట్టూ తెల్లగానే ఉంటుందని వివరించబోయి, భార్య చూపు తగిలి భరద్వాజ్ ఊరుకున్నాడు.

సదాశివరావు ఒక్కటే అడిగారు. "అయిందేదో అయింది. ఫొటోలు దక్కాయి. కింద ఆయనకి మాత్రం నిజం చెప్పిరా. ఈ ఊళ్ళో నా జుట్టు గురించి ఒక్కడు మాట్లాడటం కూడా నాకిష్టం లేదు."

ఆ ఒక్కటైనా సక్రమంగా చెయ్యాలని భరద్వాజ్ పరుగున మెట్లు దిగాడు. మసిపూత, సోడా, చీపురుకర్ర, ఏదీ దాచకుండా త్యాగిగారికి చెప్పాడు. రుజువుగా ఫిల్ము కూడా చూపించాడు. శుభ్రంగా కడిగిన ఆ ఫిల్ము మీద వెతికినా నలుసంత మసి లేదు. త్యాగిగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, అతన్ని గట్టిగా కావలించుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"బేటా, ఫిల్ముకి మసి పూస్తారని ఇంతవరకూ ఎక్కడా వినలేదు. మామగారి పరువు కోసం ఎంత కథ అల్లావు!"

"కథ కాదు సర్, నిజం!"

"బస్, బస్. నాకు అర్థమైంది."

భరద్వాజ్ మెట్లెక్కి వచ్చేలోపే సొసైటీ వాట్సాప్ గ్రూపులో త్యాగిగారి సందేశం పడింది. తొమ్మిదో అంతస్తులోని పెద్దాయన జుట్టురంగు కిందికి కారితే, ఆ నింద తన మీద వేసుకోవడానికి వచ్చిన అల్లుడి సంస్కారం మనందరికీ ఆదర్శం కావాలని అందులో రాశారు. అన్ని టవర్ల నుంచీ దణ్ణాలు, పూలగుత్తులు వచ్చిపడుతున్నాయి. కావేరి దాన్ని తండ్రికి తెలుగులో చదివి వినిపించింది.

సదాశివరావు అంతా విని, రైలు రేపటిదాకా ఎందుకు, ఈ రాత్రికే ఏదైనా ఉందేమో చూడమన్నారు.