రాజ్యసభకు నలభై ఓట్లు

ఆ సోమవారం పొద్దున సుంకులమ్మ పత్తి తీతకు పోదామని సద్ది కట్టుకొని, పెద్దకడుబూరు పక్కన తమ ఊరి టీ హోటలు ముందు ఆటో కోసం నిలబడింది. లోపల టీవీలో ఎవరో సభ్యుడు రాజీనామా చేశాడనీ, ఆ రాజ్యసభ సీటుకు ఉప ఎన్నిక వచ్చిందనీ చెబుతున్నారు. అన్నీ విన్నా ఆమె మనసు పట్టుకున్నది ఎన్నిక అన్న మాటొక్కటే.

ఆమె మొగుడు బసప్ప బెంగళూరులో గారపని చేస్తాడు. మే నెలలో ఓటేసి పోయినవాడు మళ్లీ ఊరి ముఖం చూడలేదు. పీర్ల పండక్కి రాలేదు, దసరాకూ రాలేదు. పండగంటే మేస్త్రీ సోమప్ప సెలవివ్వడు. ఓటంటే మాత్రం కాదనడు. ఆ ఎన్నిక ఎవరిదో హోటలాయన్ని అడగవచ్చు. ఏం చెబుతాడోనని భయపడి, ఆమె నేరుగా ఫోన్ చేసింది.

"మామా, ఓట్లు వచ్చినాయి."

"మొన్ననే కదా ఏసింది?"

"ఎవరో రాజీనామా చేసినాడంట. రాజ్యసభ ఓట్లంట. టీవీలో సెప్పినారు. పాప నిన్ను రోజూ అడుగుతాంది."

బసప్ప తాము కడుతున్న బిల్డింగు కింది అంతస్తులో ఆ మాట చెప్పాడు. రెండో అంతస్తుకు చేరేసరికి ఓట్లు ఆదివారమేననీ, వేయకపోతే పేరు తీసేస్తారనీ అన్నారు. పై అంతస్తుకు పోయేసరికి రేషన్ కార్డు కూడా పోయింది. అదే ఊరివాడైన సోమప్పకూ భయం పట్టుకుంది. శనివారం ఆ ఊరివాళ్లు నలభై మందీ రైలెక్కి ఆదోనిలో దిగారు.

ఆదివారం పొద్దున ఉతికిన చొక్కాలేసుకొని పెళ్లాం పిల్లలతో బడి దగ్గరికి పోతే గేటుకు తాళం. పక్క వీధిలో ఉండే టీచరు సునీతను పిలుచుకొచ్చారు.

"ఏ ఓట్లన్నా?" అంది ఆమె.

"రాజ్యసభవి మేడం," అన్నాడు సోమప్ప.

సునీత నవ్వు ఆపుకుంది. "అవి ఎమ్మెల్యేలు వేసే ఓట్లు. మనకుండవు. ఈసారి పోటీ లేదు కాబట్టి వాళ్లకూ లేవు."

మిగతా అందరూ బసప్పను చూశారు. బసప్ప పెళ్లాన్ని చూశాడు. సుంకులమ్మ నేలను చూసింది.

"పని ఇడిసిపెట్టి వచ్చినాం కదమ్మా!" సోమప్ప సుంకులమ్మ మీద గొంతు చించుకున్నాడు. "ఇంజినీరుకు నేనేం సెప్పల్ల? ఈ పొద్దే రైలెక్కండి అందరూ!"

ఎవరూ కదలలేదు. చాలామంది చేతుల్లో అప్పటికే పిల్లలున్నారు. ఇంతలో సోమప్ప తల్లి ఊతకర్ర పొడుచుకుంటూ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"రొట్టె కాలుస్తాండా. తిని పోప్పా. మళ్లా ఎప్పుడొస్తావో, అప్పటికి నేనుంటానో లేదో."

సోమప్ప ఆమె వెంట ఇంటికి నడిచాడు. బుధవారం దాకా మళ్లీ రైలు మాటెత్తలేదు.

బసప్పను చూడగానే తల్లి వెనక దాక్కున్న కూతురు వీణ, ఆదివారం సాయంత్రానికి అతని ఒళ్లో కూర్చుంది. బసప్ప మెల్లగా అడిగాడు.

"నిజం సెప్పు. అవి మన ఓట్లు కావని నీకు తెల్వదా?"

"ఎవర్నన్నా అడిగింటే తెలిసేది." సుంకులమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. "అడగల్యా."

అతను ఇంకో రొట్టె అడిగాడు. ఆకలి ఎప్పుడో తీరిపోయింది.

గురువారం పనిలోకి చేరగానే ఇంజినీరు నలభై మందినీ వరసగా నిలబెట్టి, ఎన్నికలో ఏమైందని నిలదీశాడు.

"ఏకగ్రీవం సార్," అన్నాడు సోమప్ప తడుముకోకుండా. "ఒక్కరూ కాదనలేదు."