కింది బాల్కనీలో పువ్వు

ఆ పొద్దున లిఫ్టాయన పెట్టుకున్న పని చిటికెలో అయిపోవలసింది. ఒక అంతస్తు దిగడం, పువ్వుకి పువ్వు తాకించడం, పైకొచ్చి టీ తాగడం. ఊళ్ళో సగం భవనాల లిఫ్టులు బాగుచేసే మనిషికి ఇదొక పనా అనుకుంటారు ఎవరైనా. కానీ ఆయనకి అలారం మోగకముందే మెలకువ వచ్చేసింది. పరీక్షకెళ్ళే కుర్రాడిలా లేచి కూర్చున్నాడు.

ఆయన జన్మలో మొక్క పెట్టి ఎరగడు. ఏం వస్తుందో చూద్దామని, పగిలిన పెయింటు బకెట్‌లో మట్టి పోసి, ఒక గుమ్మడి గింజ గుచ్చాడు. కొన్నాళ్ళకి ఒక మట్టిపెళ్ళ దానంతటదే పైకి లేచింది. వంగి చూస్తే దాని కింద నడుం వంచి నిలబడ్డ మొలక. మోటారు లేదు, ఇనప తాడు లేదు, మీట నొక్కిన వాడు లేడు. తన ఒంటికి ఎన్నో రెట్లున్న పెళ్ళని ఆ పసికూన ఎత్తి పక్కన పడేసి, తీరిగ్గా రెండాకులు విప్పుకుంది. బరువులెత్తే యంత్రాలతోనే జీవితమంతా గడిపిన ఆయన నోరు తెరుచుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆ రోజు పనికి ఆలస్యమైంది కూడా.

ఆ తరవాత తీగ ఆయన మాట వినలేదు. పైకి పాకమని తాడు కడితే గ్రిల్లులోంచి దూరి కిందికి దిగింది. పూలు మాత్రం విరగబూశాయి. పూసినవి పూసినట్టే రాలిపోయాయి. ఆయన బెంగపడి అక్కకి ఫోన్ చేశాడు. పెరడంతా పాదులు పెట్టి పండించే అక్క విరగబడి నవ్వింది.

"అవన్నీ మగపూలురా అబ్బాయ్! రాలక ఏం చేస్తాయి? పువ్వు అడుగున గోలీకాయంత పిందె కనపడితే అదీ ఆడపువ్వు. ఉందేమో చూడు."

బాల్కనీలోంచి సగం ఒళ్ళు బయటికి వేసి వెతికితే, ఉంది. తన ఇంట్లో కాదు, కింది ఇంటి బాల్కనీలో. ఇంకా మొగ్గగానే ఉంది.

"రేపు పొద్దున విచ్చుకుంటుంది. ఎండెక్కితే ముడుచుకుపోతుంది, ఇక మళ్ళీ తెరుచుకోదు. ఈలోగా ఒక మగపువ్వు తెంపుకెళ్ళి, ఆ పుప్పొడి దీనికి తాకించు. ఒక్క పూటేరోయ్, మర్చిపోకు!" అని అక్క ఫోన్ పెట్టేసింది.

కింది ఇంట్లో ఉండేది లెక్కల మేడం. పాఠాలు చెప్పడం మానేసి ఏళ్ళు గడిచినా, ఆవిడ ఎదురుపడితే భవనం సెక్రటరీ కూడా చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు. పై బాల్కనీ నీళ్ళు తన బట్టల మీద కారుతున్నాయని ఆవిడ లిఫ్టాయనతో మాటలు మానేసి చాలాకాలమైంది. అలాంటి ఆవిడ గుమ్మం తొక్కాలంటే మాటలా? ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకున్నాడు. మగపూలలోకెల్లా పెద్దది కోసుకుని, భార్యకి నిద్రాభంగం కాకుండా మునివేళ్ళ మీద నడిచి బయటపడ్డాడు.

బెల్లు కొట్టాడు. మేడం తలుపు తీసి, మొహం చిట్లించి, ఇస్త్రీ చొక్కాని, దువ్విన తలని, చేతిలోని పసుపుపచ్చ పువ్వుని వరసగా చూసింది. మెట్ల మీద కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆయన నోట్లోంచి ఆవిరైపోయాయి.

"మేడం, మరేమో... మీ దగ్గర ఆడది ఉంది. మా దగ్గర మగది ఉంది. ఎండెక్కకముందే రెంటినీ కలిపేస్తే మంచిదని మా అక్క చెప్పిందండీ."

"మా మేనకోడలు ఇక్కడికొచ్చిందని మీ అక్కకెవరు చెప్పారు?" అంది మేడం.

కొత్త ఉద్యోగంలో చేరడానికి ఆ అమ్మాయి మొన్ననే వచ్చి అత్త దగ్గర దిగింది. దానికి సంబంధాలు తెస్తామని వచ్చేవాళ్ళంటే మేడం ఇంతెత్తున లేస్తోంది. ఈ సంగతి లిఫ్టాయనకి తెలియదు. ఆయన ప్రాణమంతా బాల్కనీలో ఉంది.

"నేనే చెప్పానండీ. నిన్న పైనుంచి వంగి చూశాను."

"వంగి చూశారా!"

"చాలాసేపు చూశానండీ. ఎంత చూసినా తనివి తీరదు. కాస్త త్వరగా కానివ్వండి మేడం, మధ్యాహ్నానికల్లా మావాడు వాడిపోతాడు."

తలుపు ధడాలున మూసుకుంది. లిఫ్టాయన పువ్వు పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

మెట్లు తుడుస్తున్న ఆవిడ ఈ ముక్కలన్నీ వింది. ఆవిడ చీపురు పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళేసరికి లిఫ్టాయన మేడం మేనకోడలికి సంబంధం తెచ్చాడు. ఆ కబురు సెక్రటరీ ఇంటికి చేరేసరికి పెళ్ళికొడుకు కూడా ఆయనే అయ్యాడు. లిఫ్టాయన భార్య నిద్రకళ్ళతో తలుపు తీసేసరికి ముహూర్తం మధ్యాహ్నంలోపే ఉంది. ఆవిడ జుట్టు ముడి వేసుకుంటూ మెట్లు దిగింది. వెనకాల సెక్రటరీ, ఆయన వెనకాల భవనంలో సగం.

"ఏమండీ, నేనేం తక్కువ చేశానని ఈ పని?"

"నువ్వేం తక్కువ చేశావే! గుమ్మడి కోసం..."

"ఆ గుమ్మడి ఎవరో ఇప్పుడే తేలాలి!"

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "చూడండి, సంసారులుండే భవనం ఇది. తప్పు చేశారా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

సరిగ్గా అప్పుడే తన భుజం మీద పసుపుపచ్చ పుప్పొడి రాలి ఉండటం లిఫ్టాయన కంటపడింది. గబగబా దులుపుకున్నాడు.

"చూశారా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే!" అన్నాడు సెక్రటరీ.

"అదేనండీ బాబూ, గుమ్మడికాయే!" అని లిఫ్టాయన దాదాపు ఏడుపుగొంతుతో అరిచాడు. "మా తీగకి ఆడపువ్వు మేడం బాల్కనీలో పూసింది. మగపువ్వు ఇదిగో నా చేతిలో ఉంది. ఎండెక్కిపోతోందండీ!"

మూసిన తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గడియ తీసింది మేనకోడలు. "అత్తయ్యా, ఆయన అడిగేది నన్ను కాదు, నీ గ్రిల్లు మీద పువ్వుని!" అంది. మేడం పక్కకి జరిగింది. అంతా బిలబిలమని బాల్కనీలోకి నడిచారు.

నడిచినవాళ్ళు నడిచినట్టే ఆగిపోయారు.

గ్రిల్లు మీద అరచేయంత పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. అప్పుడే మీద పడుతున్న ఎండ దాని రేకుల్లోంచి దూసుకొచ్చి, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలకి బంగారు రంగు పులిమింది. దాని అడుగున పిందె. నూగు కూడా వదలని ఆ గోలీకాయంత పిందె మీద, రేపటి గుమ్మడికాయ చారలన్నీ అప్పుడే ఎవరో గీసిపెట్టినట్టున్నాయి. వాళ్ళందరూ గుమ్మడికాయలు తిన్నవాళ్ళే. అది మొదలయ్యే చోటు మాత్రం ఎవరూ చూసి ఉండలేదు. ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గిపోయాయి.

లిఫ్టాయన చెయ్యి చాచి పిడికిలి విప్పాడు. ఇంత గొడవలో మగపువ్వు నలిగి ముద్దయిపోయింది. వేళ్ళకంటిన చెమటలో పుప్పొడి కూడా కలిసిపోయింది. ఆయన మొహం పాలిపోయింది.

"పైన ఇంకా ఉన్నాయి, పట్టుకొస్తాను," అని వెనక్కి తిరగబోతే భార్య రెక్క పట్టుకుని ఆపింది.

"కదలకండి," అంది గుసగుసగా.

పై బాల్కనీ నుంచి, తీగ వెంబడే, ఒక తేనెటీగ దిగుతోంది. ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని, మోయలేనంత బరువుతో ఊగుతూ వచ్చింది. ఇంతమందిని లెక్కచెయ్యకుండా, తన ఇంట్లోకి తాను వచ్చినట్టు పువ్వులోకి దిగింది. పువ్వు సన్నగా వణికింది. లోపల్నుంచి జుమ్మనే చప్పుడు. కాసేపటికి అది వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చి, కాళ్ళు దులుపుకుని ఎగిరిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు సెక్రటరీ.

"అయిపోయిందండీ," అన్నాడు లిఫ్టాయన. కళ్ళు చెమర్చాయి. సిగ్గేసి మొహం తిప్పుకున్నాడు. తను ఇస్త్రీ చొక్కా వేసుకుని, భవనాన్నంతా అల్లరిపెట్టి చెయ్యబోయిన పనిని ఓ తేనెటీగ దారినపోతూ చేసేసింది. తన అవసరమే లేదు దానికి. హాయిగా పడుకున్నా సరిపోయేది.

మేడం మాత్రం పువ్వు మీంచి చూపు తిప్పలేదు. "ఈ తీగ గ్రిల్లంతా అల్లుకుపోతోందని పొద్దున్నే కోసి పారేద్దామనుకున్నాను," అంది మెల్లగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "కత్తెర చేత్తో పట్టుకుని ఇక్కడిదాకా వచ్చాను. అప్పుడే మీరు బెల్లు కొట్టారు."

లిఫ్టాయన అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీ మేడందని, అందులో ఇంకెవరూ కూర్చోరని అప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆవిడే లోపలికెళ్ళి ఆయనకి టీ పెట్టుకొచ్చింది.

గుమ్మడికాయ రోజురోజుకీ ఊరింది. అది బరువుకి తెగిపడుతుందేమోనని మేడం తన పాత చీరతో ఉయ్యాలలాంటిది కట్టింది. సాయంత్రాలు దాన్ని చూసే నెపంతో లిఫ్టాయన భార్య కిందికి దిగేది, మేనకోడలు పైకెక్కేది. కాయ ఒక చంకలో పట్టనంత అయ్యాక అక్క ఫోన్ చేసింది.

"కాసిందటగా! చూశావా మరి? నేను చెప్పినట్టే పువ్వుకి పువ్వు తాకించావా?"

"లేదక్కా," అన్నాడు లిఫ్టాయన. "బెల్లు కొట్టాను."