డ్రాగన్ చావదు, దవడ పన్ను ఆగదు

ఒకదానితో ఒకటి పొసగని రూల్సే కుటుంబాలను కలిపి ఉంచుతాయి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

మా ఇంట్లో మంత్రగాళ్ళూ డ్రాగన్లూ ఉండే కార్డుల ఆట ఒకటుంది. ఒక్కో కార్డు మీద ఓ బొమ్మ, దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో దాని ప్రతాపం. ఒక కార్డు చంపుతానంటుంది, ఇంకోటి చావనంటుంది. తెలియనివాళ్ళు దీన్ని తలనొప్పి అంటారు. తలనొప్పి కాదు, వరం! రూల్సన్నీ తేటతెల్లంగా ఉంటే ఆట పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత లేచి పనులు చేసుకోవాలి. ఇంతకన్నా ఘోరం ఉందా?

మొన్న శనివారం సంగతే తీసుకోండి. మా అత్తగారికి దవడ పన్ను పోటు. పదకొండింటికి డెంటిస్టు దగ్గర అపాయింట్‌మెంట్. తోడు వెళ్ళాల్సింది అల్లుణ్ణైన నేనా, కొడుకైన మా బావమరిదా? ఓడినవాడు వెళ్ళాలని పందెం వేసుకున్నాం. ఆవిడ చెంపకి తడిగుడ్డ అదుముకుని పక్కనే కూర్చున్నారు.

పదింటికల్లా నాకు డ్రాగన్ ఒక్కటే మిగిలింది. అది పోతే నేను ఓడినట్టే. బావమరిది 'చావుగంట' వేశాడు. దాని మోత బల్ల మీదున్న ఏ ప్రాణినైనా చంపుతుంది. నా డ్రాగన్ కార్డు మీదేమో, దీన్ని ఎవరూ చంపలేరని రాసుంది.

"చచ్చింది బావా. చెప్పులేసుకో."

"పన్నెండో పేజీ చదువు. కాపాడే కార్డు ముందు చంపే కార్డు చెల్లదు."

"ముప్పై ఒకటో పేజీ నువ్వు చదువు. చివర వేసిన కార్డుదే పైచేయి."

చూశారా అందం? కార్డులే కాదు, రూల్సు కూడా జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి! పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మా బావమరిదితో నేను గంటకు పైగా మాట్లాడింది ఆ రోజే. డ్రాగన్‌కి చెవులున్నాయా? లేకపోతే గంట మోగినా దానికేం? బొమ్మలో కొమ్ముల పక్కనున్నవి చెవులా, రెక్కల మొదళ్ళా? భూతద్దం తెచ్చాం.

"పదిన్నరైంది బాబూ" అన్నారు అత్తగారు.

"ఒక్క నిమిషం అమ్మా. బావ తొండి చేస్తున్నాడు" అన్నాడు ఆవిడ కొడుకు.

ఆవిడ రూల్ బుక్ అందుకుని తిరగేశారు. పాపం, పోటు మర్చిపోవడానికి కాలక్షేపం అనుకున్నాం.

చెవులే అని మేం ఒక ఒప్పందానికొచ్చేసరికి పన్నెండున్నర. అప్పుడు వీధి తలుపు తీసుకుని అత్తగారు లోపలికొచ్చారు. బుగ్గలో దూది, చేతిలో మందుల చీటీ. ఆవిడ ఎప్పుడు లేచారో, ఎప్పుడు వెళ్ళారో మా ఇద్దరికీ తెలీదు. సాయంత్రం దాకా మాట్లాడకూడదట. అందుకని చీటీ వెనక రాసి మా ముందు పెట్టారు.

"నలభయ్యో పేజీ చూడండి. ఒకదాన్నొకటి ఆపుకున్న కార్డులు రెండూ పనికిరావు, తీసెయ్యాలి. కొడుకూ అల్లుడూ అంతే. నేనే బస్సులో పోయొచ్చాను."

తీసి చూశాం. నిజంగానే ఉంది. అంతదాకా మేం ఎప్పుడూ చదవలేదు.

చీటీని మా ఆవిడ కూడా చదివింది.

'తీసెయ్యాలి' అంటే ఆటలోంచా, ఇంట్లోంచా అన్నది మాత్రం ఆ పేజీలో స్పష్టంగా లేదు. అప్పట్నుంచీ నేనూ మా బావమరిదీ దాని మీదే వాదించుకుంటున్నాం, మెట్ల మీద కూర్చుని. తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టి ఉంది.