మూత మీద మనిషి

"చల్లగా లేదు" అన్నారు కెప్టెన్‌గారు, గ్లాసు చెంపకు ఆనించి చూసుకుని.

"ఉంది" అంది ఆయన భార్య.

"ఇది కూల్‌డ్రింకా, కషాయమా? మధ్యలో లేచావు కదూ?"

"ఒక్కసారి లేచాను."

"ఆ ఒక్కసారే కొంప ముంచింది!"

పాఠకులారా, ఈ తగవు ఇప్పట్లో తెమిలేది కాదు. ఈలోగా ఒక సత్యం మనవి చేస్తాను. ఇల్లాలికి ఇంతవరకూ దొరికిన గౌరవాలన్నిటిలోకీ గొప్పది, మోటారు యాట్‌లో ఐసుపెట్టె మూత! నవ్వకండి.

యాట్ అంటే తెలుసు కదా? ఇంట్లో ఉన్న సుఖాలన్నీ నీళ్ళ మీదికి మోసుకెళ్ళి, అక్కడ అవి సరిగ్గా పనిచెయ్యడం లేదని పోట్లాడుకోవడానికి డబ్బున్నవాళ్ళు కొనుక్కునే పడవ. సముద్రపు గాలి కోసమని బయల్దేరతారు, ఏసీ వృథా అవుతుందని అద్దాలు బిగించుకుంటారు. సోఫాలు తెల్లతోలువి, తడిబట్టలతో కూర్చోకూడదు! ఒడ్డున ఉన్నంతసేపూ ఎవరికీ దాహం వెయ్యదు. తాడు విప్పారో లేదో అందరి గొంతులూ ఎండిపోతాయి.

కెప్టెన్‌గారు పడవ నడపరు. అందుకు జీతగాడున్నాడు. టోపీ మాత్రం ఈయన పెట్టుకుంటారు.

కింది గదిలో, మెట్లకు ఎదురుగా ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చునే పలకే లోపలున్న ఐసుపెట్టెకు మూత. ఏడాది తిరక్కుండానే మూత చుట్టూ ఉన్న రబ్బరు అరిగిపోయింది. కొత్తది వెయ్యాలి, పడవని వారంపాటు నా దగ్గర వదలండి అన్నాడు మెకానిక్.

"అక్కర్లేదయ్యా. మా ఆవిడ కూర్చుంటే చీమ కూడా దూరదు" అన్నారు కెప్టెన్‌గారు.

నిజంగానే దూరలేదు! "వదినా, నువ్వు కూర్చున్నావంటే బ్యాంకు లాకరే" అని మరిది మెచ్చుకున్నాడు కూడా. ఇంట్లో రెండోసారి వడ్డించుకుంటే "లావెక్కుతున్నావు" అని మూతి విరిచే మొగుడు, పడవెక్కగానే "ఇంకాస్త తినవోయ్" అని బతిమాలడం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

పని కూడా పెద్దదేం కాదు. ఎవరికి దాహమేసినా లేవాలి. వాళ్ళు సీసా తీసుకోగానే కూర్చోవాలి. తన కోసం మాత్రం ఇంటినుంచి నీళ్ళసీసా తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుంటుంది. కాపలా మనిషే మూత తెరిస్తే ఎలా? మధ్యాహ్నమయ్యేసరికి ఆ నీళ్ళు స్నానానికి పనికొస్తాయి.

అక్కణ్ణుంచి సముద్రం కనబడదు. మెట్లు కనబడతాయి, మెట్ల మీద పాదాలు కనబడతాయి. పగిలిన మడమలు అత్తగారివి. రంగేసిన గోళ్ళు కూతురివి. దబదబా దిగేవి మరిదివి, ఆయన ఆరో సీసాకి వస్తున్నాడన్నమాట. సముద్రం ఇవాళ ఎలా ఉందో పైనుంచి వినిపించే "అబ్బ!"లను బట్టి ఊహించుకోవాలి. ఊహాశక్తికి ఇంత మంచి శిక్షణ ఏ కాలేజీలో ఇస్తారు?

అయినా మనిషికి ఆశ చావదు. ఇందాక కూతురు పైనుంచి "అమ్మా, డాల్ఫిన్లు! తొందరగా రా!" అని అరిచింది. ఆమె లేచి మెట్లెక్కింది. ఇంకొక్క మెట్టెక్కితే తల బయటికొచ్చేది.

"లేవకు! మూత!" అని పైనుంచి కెప్టెన్‌గారి కేక.

దిగివచ్చి కూర్చుంది. ఎవరి దాహం కోసమూ కాకుండా లేచిన ఆ ఒక్కసారీ ఇదే.

ఇప్పుడు గోల విని అందరూ కిందికొచ్చారు. "చూద్దామని లేచానండీ" అంది ఆమె.

"డాల్ఫిన్లు ఎక్కడికి పోతాయే? సముద్రంలోనే ఉంటాయి. చల్లదనం పోతే మళ్ళీ వస్తుందా?"

ఎంత శాస్త్రీయమైన ప్రశ్న! జవాబు నేను చెబుతాను. రబ్బరు మార్చాలంటే పడవ ఆగిపోతుంది. మనిషిని కూర్చోబెడితే ఏదీ ఆగదు, ఆ మనిషి తప్ప. లోకంలో చాలా చల్లదనాలు ఇలాగే నిలబడుతున్నాయి.

ఆమె ఒళ్ళోని సీసాలోంచి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. సీసా పక్కన పెట్టి లేచింది.

మూత సందులోంచి తెల్లటి ఆవిరి బయటికొచ్చింది. కెప్టెన్‌గారు కంగారుగా వెళ్ళి దాని మీద కూలబడ్డారు. ఆవిరి ఆగిపోయింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు అత్తగారు.

"పైకి, అత్తయ్యా."

"మరి మూతో, వదినా?" అన్నాడు మరిది.

"మీ అన్నయ్య నాకంటే బరువు."

"వాడు పుట్టినప్పుడే బరువు" అన్నారు అత్తగారు.

కూతురు ఫక్కున నవ్వింది. కెప్టెన్‌గారు లేవబోయారు. సందులోంచి ఆవిరి మళ్ళీ తొంగిచూసింది. టోపీ సర్దుకుని కూర్చుండిపోయారు.

ఆమె మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అందరికీ చెప్పింది.

"ఇవాళ ఒక్కరోజుకే కాదు. ఇకమీదట ఆయన అక్కడ కూర్చుంటారు, నేను పైన కూర్చుంటాను. కాసేపాగి నాకో సోడా పంపించండి. చల్లగా ఉండాలి."